మాస్టారు బోనెక్కని మధ్యాహ్నం

ఇంకో గంట. ఈ గంటలో మాస్టారు ఎవరూ నెట్టకుండా, ఎవరూ లాగకుండా, తనంతట తాను లేచి ఆ నీలం బోనులోకి నడిచి వెళ్ళి పడుకుంటే రేపు మేం విమానంలో పోతాం, పడుకోకపోతే కారులో పోతాం, అంతే, ఇంతకన్నా తేలికైన లెక్క ఉండదని పొద్దున్న పళ్ళు తోముకుంటూ నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడేమో ఖాళీ హాల్లో చల్లటి గచ్చు మీద చతికిలబడి, ఉడకబెట్టిన కోడి ముక్కల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక ముసలి కుక్క వీపు చూస్తూ కూర్చున్నాను. వీపే. మొహం గోడ వైపు. ఆ గోడలో ఏం కనిపిస్తోందో ఆయనకే తెలియాలి, నిన్నటిదాకా అక్కడ సోఫా ఉండేది, అది మారు మాట్లాడకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయింది, ఫ్రిజ్ ఎక్కింది, మంచం కాళ్ళూ చేతులూ విడదీయించుకుని మరీ ఎక్కింది, ఈయనొక్కరే ఏదీ ఎక్కనంటున్నారు. ఆయన అనే అంటాను, మాస్టారిని పట్టుకుని వాడు అనడానికి నాకు నోరు రాదు. కళ్ళ చుట్టూ తెల్లటి వలయాలు, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని పైనుంచి చూసే లెక్కల మాస్టారి చూపు, పుట్టుకతోనే రిటైరైపోయిన మొహం. రెండో కుక్క పేరు గోల, పేరే పరిచయం. అది ఇప్పటికే బోనులోకి వెళ్ళి మాస్టారి కోసం పెట్టిన ముక్క తినేసి వచ్చింది, మళ్ళీ వెళ్ళి లేని ముక్క కోసం మూలలు నాకి వచ్చింది, ఇప్పుడు నా మోకాలి మీద గడ్డం ఆనించి ఇంకో ముక్క వేస్తే ఇంకోసారి పాసవుతానని చూస్తోంది. నువ్వు పాసయ్యావే తల్లీ, నిన్ను విమానంలో వేసినా రాకెట్లో వేసినా దిగి తోక ఊపుతావు, పరీక్ష నీకు కాదు.

ఫోన్ మోగింది. మా ఆయన. కొత్త ఊళ్ళో కొత్త ఉద్యోగంలో చేరి, కొత్త ఇంట్లో మా సోఫా మీద కూర్చుని, మా ఇద్దరి తరఫునా నిబ్బరంగా ఉండే పని పెట్టుకున్నాడు. "వెళ్ళాడా?" అన్నాడు. "లేదు." "బోను అనకు వాడి ముందు, క్రేట్ అను. బోనంటే అదోలా ఉంటుంది." "ఆయనకి ఏ భాషైనా ఒకటే, లోపల చీకటిగా ఉందని తెలుసు." "అలా కూర్చుని వాణ్ణే గుచ్చి గుచ్చి చూస్తుంటే ఎవడెళ్తాడు చెప్పు? నువ్వు చూస్తుంటే నేనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళలేను." ఒక్కోసారి ఈ మనిషి మాటలు నిజమవుతాయి, అదే నాకు మంట. కళ్ళు తిప్పుకుని కిటికీ వైపు చూశాను, కర్టెన్లు లేని కిటికీ పళ్ళు లేని నోరులా ఉంది, మాట్లాడితే గొంతు గోడలకి తగిలి తిరిగొస్తోంది, అందుకని తిట్లు కూడా రెండేసి సార్లు వినపడుతున్నాయి. "నూటికి తొంభై తొమ్మిది విమానాల్లో ఏమీ అవదు" అన్నాడు, ఈ మాట వారం నుంచీ అంటున్నాడు. "మిగిలిన ఆ ఒక్కటే నా ఉద్యోగం" అన్నాను, ఈ మాట నేనూ వారం నుంచీ అంటున్నాను. పెట్టేశాడు. మళ్ళీ చేస్తాడు, చేయకుండా ఉండలేడు, గంట దాటితే విమానంలో మాస్టారికి పట్టి ఉంచిన చోటు పోతుందనే భయం నాకంటే అతనికే ఎక్కువ.

నిజంగానే అది నా ఉద్యోగం, సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరో కష్టపడి ఒక యాప్ రాస్తారు, బాగుందని మురిసిపోతారు, నేను వెళ్ళి అది ఎక్కడెక్కడ కూలిపోతుందో వెతికి పెడతాను, పేరు పెట్టాల్సిన చోట ఎవరైనా ఫోన్ నంబరు కొడితే, డబ్బు కట్టే క్షణంలో కరెంటు పోతే, ఒకే మీట రెండుసార్లు నొక్కితే. మంచి జీతం ఇచ్చి మరీ నన్ను అపశకునాలు పలకమంటారు. పలికీ పలికీ మెదడు అదే గాడిలో పడింది, ఇంటికొచ్చాక ఆపుదామంటే ఆగదు. విమానం ఆలస్యమైతే, బోనుని ఎండలో తోపుడు బండి మీద వదిలేసి వాళ్ళు టీకి వెళ్తే, తలుపు పిన్ను ఊడితే, పక్కన ఇంకో కుక్కని పెడితే, అది అరిస్తే, ఈయనకి దగ్గు మొదలైతే, పైన సీట్లో నేను బెల్టు పెట్టుకుని సినిమా చూస్తూ ఉంటే. ఇదిగో ఇక్కడ ఆగుతుంది ప్రతిసారీ, ఈ ఆఖరి దాని దగ్గర, ఎందుకో తెలీదు, వెంటనే కారు వైపు దూకుతాను. టైరు పేలితే, ఏసీ పోతే, రెండు రోజుల దారిలో ఈయనకి ఆయాసం వస్తే, చుట్టుపక్కల గొడ్ల డాక్టరు కూడా లేకపోతే, కుక్కల్ని రానిచ్చే లాడ్జి దొరక్కపోతే, గోల వెనక సీటు బెల్టు ఇప్పటికే కొరికి తినేసింది కాబట్టి ఈసారి సీటే తినేస్తే. ఇవన్నీ తీరిగ్గా ఎక్సెల్‌లో వేశాను కూడా, ఒక్కో భయానికి ఇంత బరువని మార్కులిచ్చి. విమానం గెలిచినప్పుడల్లా వెళ్ళి బరువులు మార్చేదాన్ని. కారు గెలిచినప్పుడల్లా నాన్న గుర్తొచ్చేవాడు, మళ్ళీ మార్చేదాన్ని. నాన్న లేకుండా నన్ను ఒంటరిగా రెండు రోజుల దారి పంపించరు, నాన్నతో రెండు రోజులు కారులో కూర్చుంటే పిచ్చాసుపత్రికి దారి నాన్నే చూపిస్తాడు. ఆఫీసులో ఎవరైనా ఇలా జవాబు చూసి లెక్క మారిస్తే వాళ్ళ తాట తీసేదాన్ని.

డాక్టరమ్మ కూడా సాయపడలేదు. సాయపడకపోగా ఇంకో చిక్కుముడి వేసింది. మాస్టారి గుండె మీద ఆ చల్లటి గొట్టం పెట్టి కళ్ళు మూసుకుని చాలాసేపు విని, "కవాటాలు వదులయ్యాయమ్మా, వయసు కదా" అంది, ఇల్లు పాతదైంది తలుపులు బిగుసుకోవట్లేదన్నట్టు. మత్తు మందు ఇచ్చి పడుకోబెట్టి పంపిద్దామంటే కుదరదంది, గాల్లో ఉన్నప్పుడు మత్తు ప్రమాదమట. "బోనులోకి తనే వెళ్ళి, తలుపేసినా హాయిగా పడుకుంటే విమానమే మేలు, రెండు గంటల్లో అయిపోతుంది. బలవంతంగా తోస్తే మాత్రం ఆ కంగారుకే గుండె ఆగొచ్చు." సరే, మరి కారు? "కారైతే రెండు రోజుల అలసట, వేడి, కుదుపులు. దానికీ గుండె ఆగొచ్చు." మరి ఏది చెయ్యమంటారండీ? గొట్టం మెడలో వేసుకుంటూ నా వైపు చూసింది. "రెండిట్లో దేన్నీ నేను కాదనలేనమ్మా. మీరు ఏది తట్టుకోగలరో చూసుకోండి." నేనడిగింది కుక్క గురించి, ఆవిడ చెప్పింది నా గురించి, ఇలాంటి జవాబుకి ఫీజు ఎలా తీసుకుంటారని దారంతా గొణుక్కున్నాను. నేను తట్టుకోవడమేమిటి, నాకేమైందని, నా కవాటాలు బానే ఉన్నాయి.

తలుపు తెరిచే ఉంది కాబట్టి ఇంటావిడ కొట్టకుండానే వచ్చేసింది, రేపు పొద్దున్నకల్లా ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఈవిడ చేతిలో పెట్టాలి. గోడల వైపు మేకుల కన్నాల కోసం చూస్తూ చూస్తూ మధ్యలో బోను చూసి ఆగింది. "ఇదేంటమ్మా, ఇంత పెద్ద పంజరం?" "మాస్టారికండీ. విమానంలో వెళ్ళడానికి." "కుక్కకి విమానమా!" అని అటూ ఇటూ సాక్షుల కోసం చూసింది, గోల తప్ప ఎవరూ దొరకలేదు. "మా ఆయన పెళ్ళైన దగ్గర్నుంచీ ఎక్కిస్తానంటున్నాడు, ఇంకా మేఘాలు కింద నుంచే చూస్తున్నా. కుక్కని అందలం ఎక్కిస్తే కుచ్చులన్నీ కొరికిందట, విన్నావా?" విన్నాను, మా కారు వెనక సీటు బెల్టు చూపించనా అందామనుకుని మింగేశాను. ఆవిడ చేతిలోంచి ఏమైనా రాలుతుందేమోనని గోల చుట్టూ ప్రదక్షిణలు చేసింది. "అదిగో ఆ పెద్దాయన, అలిగాడా?" "ఆలోచిస్తున్నారు." "పాపం, ముసలాళ్ళని ఇల్లు మార్చకూడదమ్మా" అని ఒక రాయి విసిరి, మూల మేకుని బొటనవేలితో తడిమి, చప్పరించి వెళ్ళిపోయింది. తాళం చెవులు చిన్నవాటితో సహా ఇవ్వమని మెట్ల మీంచి అరిచింది. ముసలాళ్ళని ఇల్లు మార్చకూడదట, అయితే ఏం చెయ్యమంటారు, వదిలేసి వెళ్ళమంటారా, వదిలేసే ఉద్దేశం ఉంటే ఈ గచ్చు మీద నా నడుము ఎందుకు పడిపోతోంది.

మాస్టారు ఒక నిట్టూర్పు విడిచారు, గోడ కూడా కొంచెం తడిసి ఉంటుంది. నేను లేచి గిన్నెలోంచి పెద్ద ముక్క తీసి బోను లోపలి గోడకి ఆనించి పెట్టాను, గోల మెడపట్టీ పట్టుకుని. వాసన వెళ్ళింది. ముక్కు కదిలింది. తల తిరిగింది, ఆ వలయాల్లోంచి ఒక చూపు చూశారు నన్ను, బోర్డు మీద తప్పు లెక్క వేసిన పిల్లని చూసినట్టు, మళ్ళీ గోడ వైపు తిరిగిపోయారు. ఆ చూపు నాకు కొత్త కాదు. స్కూల్లో ఉండగా నేను పాఠాలు పైకి చదివేది ఈయనకే, టేబుల్ కింద నా పాదాల మీద పడుకుని వినేవారు, నేను ఎక్కడ తడబడితే అక్కడ ఆవలించేవారు, తప్పు పట్టేవారో నిద్రొచ్చేదో ఇప్పటికీ తేలలేదు గానీ ఆవలింత వినగానే నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేదాన్ని, అలా ఇంజనీరింగ్ దాకా వచ్చాను. మాస్టారన్న పేరు అలా నేను పెట్టిందే, కుక్క మాత్రం నాన్నది. నాన్న దూరపు బస్సుల డ్రైవరు, డిపోలో ఆగి ఉన్న బస్సు కింద, ఇంజను వేడి ఇంకా చల్లారని చోట, ఈ కుక్కపిల్ల ముడుచుకుని పడుకుంటే చక్రం కదిపేముందు అలవాటుగా వంగి చూశాడట, చూశాడు కాబట్టి మాస్టారున్నారు. తెచ్చి డ్రైవరు సీటు పక్కన, ఇంజను మూత మీద, తన టోపీలో కూర్చోబెట్టుకున్నాడు. కొన్నాళ్ళు డ్యూటీలన్నీ అలాగే, కండక్టరుకి బిస్కెట్టు లంచం ఇచ్చి. ముందు అద్దంలోంచి రోడ్డంతా చూస్తూ పెరిగిన కుక్క. అందుకే నా కారులో వెనక సీట్లో కూర్చోబెట్టిన ప్రతిసారీ వాంతి చేసుకుంటారని నాన్న వాదన. "వాడు ముందు కూర్చునే రకమే అమ్మడూ. రోడ్డు కనపడకపోతే కడుపులో తిప్పుతుంది. నాకూ అంతే." అదీ అసలు సంగతి, నాకూ అంతే అన్నది, ముందు సీట్లో తను కూర్చోవడానికి కుక్కని సాక్ష్యం తెచ్చుకుంటున్నాడనుకున్నాను.

నాన్నతో ప్రయాణమంటే ఏమిటో తెలియనివాళ్ళు మాత్రమే నాన్నని తీసుకెళ్ళమంటారు. నేను స్టీరింగు పట్టుకుంటే పక్క సీట్లో నాన్న కాలు అక్కడ లేని బ్రేకుని తొక్కుతుంటుంది. క్లచ్ మీద కాలు పెట్టి విశ్రాంతి తీసుకుంటున్నావేం, అది సోఫానా. ఆ లారీ వెనకే ఎందుకు, చుట్టమా నీకు. ముందుకి పోవడం ఎవడికైనా వస్తుందే, రివర్స్ వెయ్యడం వస్తేనే డ్రైవరు. బజారుకి వెళ్ళొచ్చే పాటికే నా చెవుల్లోంచి పొగ వస్తుంది, అలాంటిది రెండు రోజులు. ఇక విమానమంటే, తను ఎప్పుడూ ఎక్కని విమానమంటే, ఒకటే మాట, "గాల్లో ఉండగా ఏదైనా తేడా వస్తే పక్కకి తీసి ఆపుకునే వీలుందా?" దానికి జవాబు లేదు, అందుకే ఆ మాట అంటే నాకు ఒళ్ళు మంట. ఇవాళ రావద్దని గట్టిగా చెప్పాను, నువ్వొస్తే మాస్టారు నీ పంచెలో దూరతారు, బోను మొహం చూడరు, ఊరికి అటు చివర నీ ఇంట్లో నువ్వు కూర్చో అని. కూర్చున్నాడు. కూర్చుని వీడియో కాల్ చేశాడు.

తెర నిండా నాన్న ముక్కు. "ఫోన్ దూరంగా పట్టుకో నాన్నా." ముక్కు వెళ్ళి నుదురు వచ్చింది. వెనకాల నుంచి అమ్మ గొంతు, "దాన్ని ముందు అన్నం తినమనండి, కుక్కలకి కోడి ముక్కలు పెట్టి అది గాలి తింటోంది." నాన్న వినిపించుకోలేదు. "వాణ్ణి చూపించు." గోడ వైపు తిప్పాను. "ఒరేయ్ మాస్టారూ!" ఆ గొంతుకి చెవులు ముందు లేచాయి, తర్వాత మనిషి... మనిషేమిటి, తర్వాత ఆయన లేచారు, వెనక కాళ్ళు కొంచెం వణికాయి, నడిచొచ్చి ఫోనుకి ఎదురుగా కూర్చున్నారు, ఇంతసేపూ నేను కోడి ముక్కలతో చెయ్యలేని పని. నాన్న ఫోనుని దేనికో ఆనించి రెండు పిడికిళ్ళు తెర ముందుకి చాపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాన్నా, మళ్ళీ మొదలెట్టకు." మా ఇంట్లో తేలని విషయాలన్నీ ఇలాగే తేలేవి. ఇంటికి ఏ రంగు వెయ్యాలి, నేను ఏ కాలేజీలో చేరాలి, నాన్న రాత్రి బస్సులు మానేసి పగటి బస్సులకి మారాలా వద్దా, రెండు పిడికిళ్ళు చాపేవాడు, ఇది ఇటు, అది అటు, మాస్టారు వచ్చి ఏ పిడికిలి వాసన చూసి ముక్కుతో తడితే అదే తీర్పు, కుక్క చెప్పాక అమ్మ కూడా మాట్లాడ్డానికి లేదు. అందులో మోసం నేనే కనిపెట్టాను, తనకి కావాల్సిన పిడికిట్లో బిస్కెట్టు ముక్క ఉండేది. కనిపెట్టినట్టు ఇప్పటిదాకా నాన్నకి చెప్పలేదు, ఎందుకంటే కాలేజీ విషయంలో బిస్కెట్టు నేను కోరుకున్న వైపే ఉంది.

"కుడిచెయ్యి కారు, ఎడమచెయ్యి విమానం" అన్నాడు నాన్న. మాస్టారు తెర వాసన చూశారు, అందులో వాసనేముంటుంది, గాజు వాసన, వేళ్ళ జిడ్డు వాసన. కుడి చూశారు, ఎడమ చూశారు, నాలుక చాపి ఫోన్ మధ్యలో, నాన్న గడ్డం ఉన్నచోట, ఒకసారి నాకారు. "అదెటు వచ్చింది? కారా?" అన్నాడు నాన్న. "ఎటూ కాదు. తెరిచి చూపించు నాన్నా." "ఏంటి?" "పిడికిళ్ళు. తెరువు. బిస్కెట్టు ఎందులో ఉందో నాకు తెలుసులే, ఊరికే చూపించు." అమ్మ నవ్వు వినపడింది, అంటే అమ్మకీ ఎప్పుడో తెలుసు. నాన్న పిడికిళ్ళు మెల్లగా విప్పాడు, కుడిచెయ్యి ముందు, తర్వాత ఎడమ, స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాచిన రెండు అరచేతులు తెర నిండా. రెండూ ఖాళీ. "ఏదీ పెట్టలేదే అమ్మడూ" అన్నాడు, "నాకే తెలియట్లేదు. కారంటే రెండు రోజులు వాడు పడతాడా అని. విమానమంటే... సరే, నీకు తెలుసు కదా. నువ్వే చూడు." పెట్టేశాడు.

నాన్నకి తెలియట్లేదు. ఏ ఊరికి ఏ దారో అడగకుండానే చెప్పే మనిషి, అడక్కుండా చెబుతున్నాడనే కదా ఇన్నేళ్ళూ విసుక్కున్నది, ఇవాళ అడిగినట్టే అడిగితే చేతులు విప్పి చూపించాడు. ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఎవరూ లేరు. మా ఆయన మీద విసుక్కుందామంటే అతను ఫోన్ ఎత్తితే నూటికి తొంభై తొమ్మిది అంటాడు, డాక్టరమ్మ మీద విసుక్కుందామంటే ఫీజు కట్టేశాను, ఇంటావిడ మేడ ఎక్కేసింది. మాస్టారు నల్లబడిన తెర ముందు ఇంకాసేపు కూర్చున్నారు, నాన్న మళ్ళీ వస్తాడేమోనని, తర్వాత లేచి నా వైపు రాలేదు, బోను వైపు వెళ్ళలేదు, వీధి తలుపుకి ఎదురుగా వెళ్ళి పడుకున్నారు. అలా పడుకోవడం నాకు తెలుసు. నా మొదటి ఉద్యోగం వేరే ఊళ్ళో, ఈయన్ని నాన్న దగ్గర వదిలి వెళ్ళాను, ఎలా ఉన్నారు, తింటున్నారా అని రోజూ ఫోన్ చేసేదాన్ని, తింటున్నాడమ్మా శుభ్రంగా తింటున్నాడని నాన్న చెప్పేవాడు. ఆ మాట వెనక దాచిన సంగతి ఒకటి, ఇల్లు మారి ఈయన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాక గానీ బయటపడలేదు, గిన్నె ఎక్కడ పెట్టినా దాన్ని మూతితో తోసుకుంటూ తలుపు వైపు తిప్పుకుని, తలుపుని చూస్తూ తింటున్నారు. అదేంటి నాన్నా అంటే, నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ అంతేనే, తిండి మాత్రం మానలేదు అన్నాడు. తిండి మానలేదు. అబద్ధం చెప్పలేదు.

చెప్పులు లేని కాళ్ళకి గచ్చు చల్లగా తగులుతోంది. లేచాను, నిలబడ్డాను, ఏం చెయ్యాలో తోచలేదు. అసలు ఈ బోనులో అంత భయపడాల్సిందేముంది, మెత్తటి పరుపేశాను, నా పాత చున్నీ వేశాను, గాలికి కన్నాలున్నాయి, ఏంటి నీ బాధ అని ఆయన్ని కాదు, బోనుని అడగాలనిపించింది. యాప్ కూలిపోతోందని ఎవరైనా చెబితే నేను ముందు చేసే పని అదే, వాళ్ళు కూర్చున్న చోట కూర్చుని, వాళ్ళు నొక్కిన మీటే నొక్కి చూడటం. మోకాళ్ళ మీద వంగాను. తల పెట్టాను. భుజాలు పట్టాయి, పెద్ద కుక్క కోసం కొన్న పెద్ద బోను, నేను మడత కుర్చీలాంటి దాన్ని, మోకాళ్ళు గడ్డానికి తెచ్చుకుంటే నేనూ పట్టాను. లోపల ప్లాస్టిక్ వాసన, కోడి వాసన, నా చున్నీ వాసన. వెలుతురు కన్నాల్లోంచి చుక్కలు చుక్కలుగా చేతి మీద పడింది. నా ఊపిరి నాకే వినపడుతోంది, బయట గోల గోళ్ళ టకటక ఎక్కడో దూరంగా, ఎటు నుంచో తెలియట్లేదు. బయట ఏముందో కనపడదు. రోడ్డు కనపడకపోతే కడుపులో తిప్పుతుంది. తిప్పింది. కిందంతా ఊగుతూ, ఇంజన్ల హోరు, ఎవరూ పిలవరు, తలుపు ఎటుందో తెలీదు, ఎటు తిరిగి చూడాలో తెలీదు. పరుపు మెత్తగానే ఉంది. ఎక్సెల్‌లో నేను ఆగిపోయే ఆఖరి గడి ఇదే కదా, ఈయనకి ఏదో అవుతుంది, పైన నేను సినిమా చూస్తూ ఉంటాను. ఏదో అవడం కాదు నాకు భయం, నేను పక్కన లేనప్పుడు అవడం. అయ్యేది కారులోనూ అవుతుంది, ఇంట్లోనూ అవుతుంది, గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడూ అవుతుంది, కవాటాలు వదులయ్యాయి కదా. మీరు ఏది తట్టుకోగలరో చూసుకోండి అంది డాక్టరమ్మ. ఫీజుకి న్యాయమే చేసింది.

గోళ్ళ చప్పుడు దగ్గరికొచ్చింది. గోల గోళ్ళు కాదు, ఇవి నిదానంగా, ఒకటి వేసి ఆలోచించి ఇంకొకటి వేసే గోళ్ళు. గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. మాస్టారు తల వంచి లోపలికి చూశారు, ఆ వలయాల్లోంచి, ఇదేం లెక్కే అన్నట్టు. ముందు కాలు లోపల పెట్టారు. రెండోది. నడుము, తోక, అంతా, వారం నుంచీ కోడి ముక్కలూ బిస్కెట్లూ బతిమాలడాలూ చెయ్యలేని పని చేసి, నా కాళ్ళ మీంచి ఎక్కి, నా పొట్ట మీద సగం, చున్నీ మీద సగం సర్దుకుని, ఒక్క నిట్టూర్పుతో గడ్డం నా మోచేతి మీద పెట్టారు. గుండె నా పక్కటెముకలకి తగులుతోంది, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, మధ్యలో ఒక తడబాటు. వెంటనే గోల, తనని వదిలేసి ఇక్కడేదో విందు జరుగుతోందనుకుని పరుగెత్తుకొచ్చి, చోటు లేకపోయేసరికి గుమ్మానికి అడ్డంగా, నా పాదాల మీద ధబ్బున పడుకుంది.

ఫోన్ మోగింది. బోను ముందు గిన్నెకి ఆనించిన చోటే, చేతికి అందేంత దూరంలోనే ఉంది, ఒక్క వేలితో ఎత్తాను. వీడియో. గోల వీపు మీంచి మా ఆయనకి బోను లోపల రెండు తెల్లటి వలయాలు కనిపించి ఉంటాయి. "ఏయ్! వెళ్ళాడు! లోపలున్నాడు! పడుకున్నాడు కూడా! పాసయ్యాడు, చూశావా, నేను చెప్పలేదూ, ఉండు ఉండు, ఇంకా టైముంది, డబ్బు కట్టేస్తున్నా... నువ్వేదీ? నువ్వు కనపడవేం?"

"నేనూ లోపలే ఉన్నాను."

"ఎక్కడ లోపల?"

"బోనులో. ఆయన కింద."

మా సోఫా కిర్రుమనడం వినపడింది. "అంటే వాడు వెళ్ళింది..." అన్నాడు. "ఊఁ" అన్నాను. ఆఫీసులో అయితే దీనికి ఎర్ర గీత గీసేదాన్ని, ఈ పరీక్ష చెల్లదు, పరీక్ష పెట్టే మనిషే లోపలుంది, ఆ మనిషిని తీసేసి మళ్ళీ చేస్తే జవాబు ఏమొస్తుందో నాకూ తెలుసు, అతనికీ తెలుసు. తొంభై తొమ్మిది అంటాడేమోనని చూశాను. అనలేదు. "నన్ను కూడా ఇందులో పెట్టి పంపిస్తారేమో కనుక్కో" అన్నాను. "కుక్కలకే కష్టం, టెస్టర్లని అస్సలు ఎక్కించుకోరట" అన్నాడు, గొంతు మాత్రం నవ్వలేదు. తర్వాత, "చోటు వదిలేస్తున్నా మరి. దారిలో ప్రతి ఆగే చోటా ఫోన్ చెయ్యి. నువ్వు కాదు, వాడితో మాట్లాడించు." పెట్టేశాడు. గంట అయిందో లేదో నేను చూడలేదు.

నాన్న మొదటి రింగుకే ఎత్తాడు. "వెళ్ళాడా?"

"వెళ్ళారు."

"మంచిదే" అన్నాడు. ఇంకోసారి, "మంచిదేలే" అన్నాడు, ఎవరికో సామాను అప్పజెప్పినట్టు. "ఎప్పుడట విమానం?"

"విమానం లేదు. కారే. రేపు పొద్దున్నే సంచీ సర్దుకుని వచ్చెయ్. ముందే చెబుతున్నా నాన్నా, నువ్వు వెనక సీటు."

"వెనకా? ఇన్నేళ్ళు బస్సులు నడిపినవాణ్ణి, నేను వెనక కూర్చోవాలా? అక్కడ బెల్టు కూడా లేదు, ఆ రాక్షసి తినేసింది! మరి ముందెవరు?"

"మాస్టారు. రోడ్డు కనపడకపోతే ఆయనకి కడుపులో తిప్పుతుంది."

వెనకాల అమ్మ ఎవరు ఎవరు అని అడుగుతోంది. మాస్టారు చెవి ఒకటి లేచి, ఫోన్ వైపు తిరిగింది. "బెల్టు కొత్తది వేయిస్తా పొద్దున్నే" అన్నాడు నాన్న. "వాడి పక్క అద్దం కాస్త దించి ఉంచు. మరీ ఎక్కువ కాదు. బ్రేకు మెల్లగా వెయ్యాలి, వాడు జారిపోకుండా."

"అప్పుడే మొదలెట్టావా?"

"ఇంకా ఎక్కనే లేదు కదే. బిస్కెట్లు తెస్తాలే. ఈసారి రెండు చేతుల్లోనూ."

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే బయలుదేరు నాన్నా. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి, పైన ఈయన, గుమ్మంలో గోల, బోనులోంచి బయటికి ఎలా రావాలో తెలియట్లేదు."

"నువ్వు బోనులో ఎందుకున్నావే?" అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "కంగారు పడకు" అన్నాడు, బస్సు ఘాట్ రోడ్డు మీద ఆగినప్పుడు ప్రయాణికులకి చెప్పే గొంతుతో. "వాణ్ణి కదపకుండా, మెల్లగా రివర్స్ వెయ్యి. వెనక చూసుకుని."